పద్నాలుగు మిషన్లు, ఒకే ఖాతా

పిల్లికళ్లోడి దవడ విరగ్గొట్టింది నేనే. ఆ మాట ఎక్కడైనా ఒప్పుకుంటాను. కానీ సొంత బావమరిదిని రాడ్డుతో కొట్టాడు, వీడు మనిషా అన్నవాళ్లలో ఒక్కరైనా, వాడు నాకేం చేశాడని అడగలేదు. మా ఆవిడతో సహా.

నేను గేమింగ్ సెంటర్ నడిపేవాణ్ణి. పద్నాలుగు కంప్యూటర్లు, పద్నాలుగు కుర్చీలు, నీళ్లు కారే ఒక ఏసీ. జనం గంటల లెక్కన వచ్చి ఆడుకుని పోయేవాళ్లు. డిస్కుల మీద ఆటలు రావడం ఆగిపోయాక నెట్‌లో కొనుక్కోక తప్పలేదు. అక్కడ మూడు పెద్ద కొట్లున్నాయి. వాటి పేర్లకి నా నోరు తిరగదు కాబట్టి నేనే పేర్లు పెట్టుకున్నాను. పేజీ అంతా నల్లగా ఉండేది నల్లకొట్టు. పాత ఆటలు ఎక్కువగా దొరికేది పాతకొట్టు. వారానికో ఆట ఊరికే ఇచ్చి జనాన్ని లాగేది ఎరకొట్టు.

పదిహేను రోజులు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఎరకొట్టులో డౌన్‌లోడ్ మధ్యలో ఆగితే మళ్లీ మొదటికి వస్తుంది. అది అక్కడే పోయింది. నల్లకొట్టులో దొరకని ఆట లేదు. సేల్ పెడితే ముప్పావు వంతు తగ్గిస్తుంది. కరెంటు పోయి వచ్చినా ఆగినచోటి నుంచే దిగుతుంది. పాతకొట్టులో కొత్తవి తక్కువ, తగ్గింపులూ తక్కువే. కానీ కొన్న ఆట ఫైలు మన చేతికిచ్చేస్తుంది. హార్డ్ డిస్కులో దాచుకుంటే రేపు ఆ కొట్టే లేకపోయినా ఆట మన దగ్గర ఉంటుంది. నల్లకొట్టు అలా కాదు. అక్కడ మనం కొనేది ఆట కాదు, ఆడుకోవడానికి అనుమతి. ఖాతా తెరుచుకుంటేనే ఆట తెరుచుకుంటుంది. ఆరో తరగతితో బడి మానేసిన నాకు ఆ తేడా అర్థమైంది. డిగ్రీ చదివిన నా బావమరిది పిల్లికళ్లోడికి అర్థం కాలేదు.

“పాతకొట్టే మనకి మంచిదిరా” అన్నాను.

“బావా, అందులో అన్నీ మీ తాత ఆడిన ఆటలే. సెంటర్ బోర్డు పీకేసి వృద్ధాశ్రమం అని పెట్టుకుందామా?”

“రేపు ఖాతా పోతే?”

“ఖాతా ఎక్కడికి పోతుంది? దానికేమన్నా కాళ్లున్నాయా?”

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. “వాడు చదువుకున్నాడు, వాడికి తెలుసు. నువ్వు నోరు మూసుకో.”

మూసుకున్నాను. నల్లకొట్టులో వాడి పేరు మీద, వాడి ఫోన్‌తో ఖాతా తెరిచాం. డబ్బు మాత్రం నాది.

ఒకే ఖాతాతో ఇద్దరు ఆడబోతే నల్లకొట్టు ఒకరిని బయటికి నెట్టేస్తుంది. దానికి మందు నేనే కనిపెట్టాను. పొద్దున్నే ఒక్కో మిషన్‌లో ఖాతా తెరవడం, ఆఫ్‌లైన్‌లో పెట్టడం, నెట్ వైరు పీకేయడం. వరసగా పద్నాలుగు. నలభై నిమిషాల పని. నాలుగేళ్లు ఒక్క ఖాతా మీద పద్నాలుగు మందిని కూర్చోబెట్టాను. ఆ పనితనం చూసి నాకే ముచ్చటేసేది.

ఒక శనివారం పొద్దున మొదటి మిషన్ దగ్గర పాస్‌వర్డ్ తప్పంది. రెండోదీ తప్పంది. పద్నాలుగూ అదే మాట. పిల్లికళ్లోడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పదకొండింటికి ఒక వెల్డరు ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చాడు. నెలకి ముందే కట్టిన మనిషి.

“ఇవాళ తెరుచుకోవడం లేదు, రేపు రండి” అన్నాను.

“రేపు నీ శ్రాద్ధమా?” అని కీబోర్డు పీకి అడ్డంగా నా మొహాన కొట్టాడు. మీటలు నేలంతా చిందాయి. ముక్కులోంచి రక్తం చొక్కా మీదికి కారుతుంటే స్నేహితుల్లో ఒకడు తాపీగా అన్నాడు: “వదిలెయ్ అన్నా. ఇవే ఆటలు రెండు వీధుల అవతల ఆడుకోవచ్చు. ఈయన బావమరిది కొత్త సెంటర్ తెరిచాడుగా.”

షట్టరు దించే ఇనప రాడ్డు తలుపు వెనకే ఉంటుంది. చేతికి అదే తగిలింది.

వాడి సెంటర్లో కొత్త పెయింటు వాసన ఇంకా పోలేదు. పది మిషన్లు. పదింటిలోనూ నా ఆటలు. కౌంటర్ వెనక ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాడు తలెత్తి నా రక్తం చూశాడు, రాడ్డు చూశాడు. అయినా వాడి నోరు ఊరుకోలేదు.

“రా బావా, కూర్చో. మొదటి గంట నీకు ఫ్రీ.”

రాడ్డు వాడి మణికట్టు మీద దిగింది. ఎముక చప్పుడు నాకే వినిపించింది. ఫోన్ కింద పడింది. “అక్కా!” అని కేకేసి రెండో చేత్తో దానికోసం వంగాడు. అక్కకి చెప్పుకుంటాడట. మడమతో ఆ ఫోన్‌ను అద్దం పొడయ్యేదాకా తొక్కాను. వాడు నా నడుం పట్టుకుని గోడకేసి గుద్ది, హెడ్‌సెట్ వైరు మెడకు బిగించి లాగాడు. కళ్ల ముందు నల్లబడింది. మోచెయ్యి వెనక్కి విసిరితే వాడి కడుపులో దిగింది. వైరు వదులైంది. తిరిగి రాడ్డుతో దవడ మీద ఒక్కటిచ్చాను. ఆడుకునేవాళ్లు కుర్చీలు తన్నేసి వీధిలోకి పరిగెత్తారు.

వాణ్ణి జుట్టు పట్టుకుని మిషన్ ముందుకు ఈడ్చాను. ఖాతా తెరిచే ఉంది. దాన్ని నా ఫోన్ మీదికి మార్చుకుంటే చాలు, సెంటర్ బతుకుతుంది. నాకు కావలసింది అంతే.

“పాస్‌వర్డ్ చెప్పరా!”

చెప్పాడు, ఒక్కో అక్షరం రక్తంతో కలిపి ఉమ్ముతూ. టైపు కొట్టాను. తీసుకుంది. ఆ తర్వాత ఆరంకెల కోడు అడిగింది.

“కోడు?”

“ఫోన్లో యాప్ ఉంది. అందులో వస్తుంది.”

“ఏ ఫోన్?”

వాడు నేల మీద పొడి వైపు చూసి నవ్వాడు. దవడ ఒక పక్కకి జారిపోయిన మొహంతో నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్లు తెలియలేదు. తెరిచి ఉన్న పది మిషన్లనూ ఒకదాని తర్వాత ఒకటి పగలగొట్టుకుంటూ పోయాను. ఆపడానికి వచ్చిన పక్క కొట్టు టైలర్‌కి కూడా భుజం మీద ఒకటి పడింది.

ఆసుపత్రి వరండాలో మా ఆవిడ ముందు వాణ్ణి, తర్వాత నన్ను చెంప మీద కొట్టింది. వాడి దవడకి తీగలు కట్టారు, చేతికి పట్టీ. నా మెడ చుట్టూ వైరు వాత.

“కేసు లేదు, గీసు లేదు” అంది. “ఇద్దరూ కలిసి ఆ ఖాతా తెరిపించండి. రోజు విడిచి రోజు వాడుకోండి.”

వాడు తీగల్లోంచి ఏదో మూలిగాడు.

“ఏమంటున్నావురా?”

“సరే అంటున్నాడు” అన్నాను నేను.

“నిన్నడిగానా?”

కొత్త సిమ్ తెచ్చినా లాభం లేదు. కోడు ఆ పొడైన ఫోన్లోని యాప్‌లోనే పుడుతుంది. ఇక ఖాతా మాదేనని నల్లకొట్టు వాళ్లకి ఉత్తరం రాసి నమ్మించాలి. వాడు మాట్లాడలేడు, టైపు చెయ్యలేడు. కాబట్టి నేనే రాశాను. తెలుగులో రాస్తే ఇంగ్లీషులోకి మార్చే యాప్ ఉంది. గట్టి రుజువు కావాలి కదా అని ఉన్నదంతా పెట్టాను. నాలుగేళ్లుగా ఈ ఖాతాతోనే సెంటర్ నడుపుతున్నామని, రోజూ పద్నాలుగు మిషన్లలో తెరిచి వైర్లు పీకేస్తామని, కావాలంటే మా కస్టమర్లని అడగమని. సెంటర్ ఫొటో కూడా జతచేశాను. అందులో పద్నాలుగు తెరల మీదా ఒకే ఖాతా పేరు చక్కగా కనిపిస్తోంది. వాడికి చూపించకుండానే పంపాను. వాడి సలహా విని ఒకసారి మునిగింది చాలనుకున్నాను.

నాలుగో రోజు, వాడింకా ఆసుపత్రి మంచం మీదే ఉండగా, జవాబు వచ్చింది. వివరాలు తెలిపినందుకు కృతజ్ఞతలు. ఖాతా ఒక మనిషి సొంతానికి ఆడుకోవడానికే, వ్యాపారానికి కాదు. నిబంధన మీరినట్టు మీరే తెలియజేశారు కనుక శాశ్వతంగా మూసివేస్తున్నాం. డబ్బు వాపసు ఇవ్వబడదు.

వాడు నా ఫోన్ లాక్కుని జవాబు చదివాడు, పైకి జరిపి నా ఉత్తరం చదివాడు. పిల్లికళ్లు ఎర్రబడ్డాయి. పట్టీ కట్టిన చెయ్యెత్తి నా నోటి మీద కొట్టాడు. రెండు పళ్లు నాలుక మీదికి వచ్చాయి. నేనూ ఊరుకోలేదు, ఆ చేతినే పట్టుకుని మంచం ఇనుముకేసి కొట్టాను. నర్సులు మా ఇద్దరినీ విడదీసేసరికి దుప్పటి ఎవరి రక్తంతో తడిసిందో తెలియలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఈసారి ఎవరినీ కొట్టలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఖాతాలో రెండు వందల ఆరు ఆటలున్నాయి. వాటికి నా చేతి నుంచి పోయింది రెండు లక్షల పద్దెనిమిది వేల ఆరు వందల నలభై.