ఇంటూ గుర్తు పడిన దారి

మేయరు తియెరీ వంటింటి దాకా వచ్చి కూర్చున్నాడంటే అది మామూలు పని కాదని రెజీన్‌కి తెలుసు. మామూలు పనైతే గుమ్మంలో నిలబడే చెప్పి పోతాడు. ఇవాళ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“సూపు పొయ్యనా?”

“తినే వచ్చానత్తా.”

“మీ ఇంట్లో ఏం తింటావో నాకు తెలీదా? జరుగిలా.”

గిన్నె నిండా సూపు పోసి, రొట్టె తుంచి పక్కన పెట్టింది. తియెరీ ఆమె భర్త ఫెర్నాన్‌కి సొంత చెల్లెలి కొడుకు. లస్కోంబ్ ఊరికి మేయరైనా ఈ బల్ల దగ్గర మేనల్లుడే. సూపు ముప్పాతిక తాగి, అడుగున మిగిలినదాంట్లో ఎర్ర వైను పోసుకుని, గిన్నె రెండు చేతులా ఎత్తి ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాక అసలు మాట ఎత్తాడు.

“లోయలోకి దిగే దారి మూసేస్తున్నాం అత్తా. వచ్చే నెల ఊరి సభలో ఓటింగు. యాత్రికులు ఇక తారురోడ్డు మీదుగా వంతెనకి పోతారు. చుట్టు తిరుగుడే అనుకో. కాళ్లయితే విరగవు.”

రెజీన్ గిన్నె తీసి తొట్టిలో పెట్టింది.

“మూసినచోట రాతిపలక పెడుతున్నాం. మావయ్య పేరు మీద. ఫాదర్‌గారు దీవిస్తారు. తర్వాత తలా ఒక గ్లాసు వైను.”

“పలక మీద ఏం రాయిస్తున్నావు?”

“ఫెర్నాన్ దారి అని.”

“మూసేసిన దారికా?”

తియెరీ టోపీని ఇటూ అటూ తిప్పాడు. “ఇంకొకటి. దారి చీలిక దగ్గర రాయి మీద ఇంటూ గుర్తు నువ్వే వేస్తే మర్యాదగా ఉంటుందని అందరూ అనుకున్నాం. కుంచె ఇప్పుడు నీ చేతిలోనే ఉంది కదా.”

“మర్యాద,” అంది రెజీన్. గిన్నె కడగడం పూర్తిచేసి, చేతులు తుడుచుకుంది. “ఆయన పేరు నాకొద్దు ఆ పలక మీద. ఇంటూ నేను వెయ్యను. మీ అమ్మని అడిగానని చెప్పు.”

లస్కోంబ్ మీదుగా యాత్రాదారి పోవడం ఈనాటిది కాదు. ల్ పుయ్ గుడిలో మొక్కుకుని బయల్దేరినవాళ్లు వీపున సంచులతో ఊళ్లోకి వస్తారు, కుళాయి దగ్గర సీసాలు నింపుకుంటారు, ఇవెట్ కాఫీకొట్లో బూట్లు విప్పి పాదాలు చూసుకుంటారు, మళ్లీ స్పెయిన్‌లోని సాంతియాగో వైపు పడతారు. వాళ్లకి తోవ చెప్పేది చెట్ల మీదా రాళ్ల మీదా ఉండే రెండు గీతలు. పైన తెలుపు, కింద ఎరుపు. గీతలుంటే నడుస్తారు, ఇంటూ ఉంటే వెనక్కి తిరుగుతారు. పొగమంచులోనైనా, అలిసిపోయి బుర్ర పనిచెయ్యనప్పుడైనా ఆ గీతల్నే నమ్ముకుంటారు. అందుకే గీసేవాడికి ఒక పట్టింపు ఉండాలనేవాడు ఫెర్నాన్. తను నడవని దారికి గుర్తు పెట్టకూడదు.

ఊరి నుంచి లోయలో వంతెన దాకా ఉన్న ముక్క ఆయనది. జీతమిచ్చి పెట్టిన పని కాదు. చలికాలం పోగానే రంపం, కొడవలి, రెండు రంగు డబ్బాలు పట్టుకుని వెళ్లేవాడు. పడిన కొమ్మలు కోసేవాడు, వానకి కొట్టుకుపోయిన మెట్లు మళ్లీ తవ్వేవాడు. నిరుడు ఆకు రాలే రోజుల్లో ఆ దిగుడులోనే జారి పడ్డాడు. అక్కడ ఫోను పనిచెయ్యదు. వెతుక్కుంటూ వెళ్లిన తియెరీ ఆయన్ని భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. పైకి చేరేసరికి ఫెర్నాన్ లేడు.

తర్వాత కుంచె రెజీన్ తీసుకుంది. ఎవరూ ఇవ్వలేదు, ఆమె ఎవరినీ అడగలేదు.

తియెరీ ఊరి పనులు చూసే మనిషి చేత చీలిక దగ్గర ఇంటూ వేయించాడు. మర్నాడు రెజీన్ తీగల బ్రష్షు తీసుకెళ్లి దాన్ని గీకి, పైన తెలుపు, కింద ఎరుపు వేసి వచ్చింది. వాళ్లు మళ్లీ ఇంటూ వేశారు. ఆమె మళ్లీ గీకింది. వారాల తరబడి ఇదే వరస.

“ఆ రాయికి పట్టిన రంగు మీ ఇంటి గోడలకి పట్టలేదు రెజీన్,” అంది ఇవెట్, కాఫీ ముందు పెడుతూ. “నిన్నొకాయన వచ్చి ఏ దారిన పోవాలండీ అనడిగాడు. ఇవాళేం వారం అనడిగాను. గురువారం అన్నాడు. అయితే రోడ్డున పొండి బాబూ, శుక్రవారం అయితే లోయలోకి పోదురు అన్నాను.”

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. రెజీన్ కూడా కప్పు చాటున కాస్త నవ్వింది. అప్పుడే తియెరీ నవ్వుకుంటూ లోపలికి వచ్చాడు. ఆమెను చూసి నవ్వు ఆపి, నిలబడే మాట్లాడాడు.

“అత్తా, పరువు తీస్తున్నావు.”

“ఎవరిది?”

“ఊరిది. నాది. రేపు ఎవడో అందులో జారిపడితే మేయరేం చేస్తున్నాడంటారు గానీ, మేయరు అత్త రంగులేసిందని అనరు.”

“రోడ్డు మీద రాతిక్వారీ లారీలు ఎలా పోతాయో నాకు చెప్పక్కర్లేదు. వాళ్లని అక్కడ నడవమంటావు. అక్కడెవడన్నా పడితే అది లారీవాడి తప్పు, నీది కాదు. అంతేగా?”

“ఆ మాట అన్నానా నేను?”

“అనక్కర్లేదు.”

తియెరీ ముఖం ఎర్రబడింది. ఎవరూ కాఫీ తాగడం లేదు. “సరే. ఒక్కటి చెప్పు. మావయ్య పోయాక నువ్వు దిగావా అందులోకి? ఒక్కసారి? చీలిక దాకా వస్తావు, రంగేస్తావు, తిరిగి ఇంటికి పోతావు. వంతెన వైపు గుర్తులు వెయ్యాలంటే ఇవెట్ కార్లో చుట్టూ తిరిగి వెళ్లి వేస్తావు. ఊరంతా చూస్తూనే ఉంది. నువ్వు నడవలేని దారిలోకి ఊరూపేరూ తెలీనివాళ్లని తోస్తున్నావు. మావయ్య ఉంటే ఏమనేవాడు?”

ఇవెట్ “ఒరే తియెరీ, చాల్లే,” అంది.

రెజీన్ కాఫీ పూర్తిచేసింది. కప్పు సాసరులో సరిగ్గా పెట్టింది. అతను అన్నది నిజం. ప్రతిసారీ చీలిక దగ్గర, రంగు ఆరేదాకా కూర్చునేది. దిగుదామనుకునేది. మొదటి మలుపు కనిపించేది, ఓక్ చెట్ల కింద నీడ కనిపించేది. తర్వాత డబ్బాల మూతలు బిగించుకుని ఇంటిదారి పట్టేది.

పలక పెట్టే రోజు ఎండ బాగా కాసింది. ఓటింగుకి ఇంకా వారం ఉన్నా తియెరీ ఆగలేదు. చీలిక దగ్గర సభవాళ్లు, ఊళ్లోవాళ్లు పోగయ్యారు. పలక మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. పక్కనే దారికి అడ్డంగా బిగించడానికి కొత్త దుంగ. ఫాదర్‌గారు పవిత్రజలం చిన్న బకెట్టు పట్టుకుని నీడ కోసం వెతుకుతున్నారు. మడతబల్ల మీద గ్లాసులు, వాల్‌నట్ కేకు.

రెజీన్ వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. నల్లబట్టలు కాదు, పనిబూట్లు వేసుకుని వచ్చింది.

“వచ్చావా అత్తా,” అన్నాడు తియెరీ, మెత్తగా. ఆమె రాజీకి వచ్చిందనుకున్నాడు.

ఫాదర్‌గారు ప్రార్థన మొదలుపెట్టబోతుండగా ఊరివైపు నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఇద్దరూ యాభై దాటినవాళ్లే. వీపుల మీద సంచులు, సంచులకి యాత్రికుల గుర్తుగా వేలాడే గవ్వలు, ఎండకి కమిలిన ముక్కులు. అంతమందిని చూసి తడబడ్డారు.

“పెళ్లా అండీ?” అంది పొట్టిగా ఉన్నావిడ.

“కాదు, అంత్యక్రియలు,” అన్నారు వెనకనుంచి ఎవరో. “దారికి.”

పొడుగావిడ రాయి వైపు చూసింది. దాని మీద ఇంటూ ఉంది, ఇంటూ కింద గీకిన మచ్చలు, మచ్చల కింద పాత గీతలు. “ఇదేంటి, ఇంతకీ ఎటు పోవాలి?”

“రోడ్డున వెళ్లండమ్మా,” అన్నాడు తియెరీ. “ఇది మూసేశాం. ప్రమాదం.”

రోడ్డు మీద క్వారీ లారీ ఒకటి పోయింది. దుమ్ము గడ్డి మీద, కేకు మీద, ఫాదర్‌గారి చొక్కా మీద వాలింది. అందరూ గ్లాసుల మీద చేతులు అడ్డం పెట్టుకున్నారు.

రెజీన్ ముందుకొచ్చింది.

“మీ ఇష్టం వచ్చినట్టు పోవచ్చు,” అంది ఆ ఇద్దరితో. “కానీ తెలుసుకుని పొండి. కిందకి దిగితే నిటారుగా ఉంటుంది. తడిగా ఉంటే జారుతుంది. ఇవాళ పొడిగా ఉంది. నిరుడు మా ఆయన అందులోనే పడి చనిపోయాడు. ఆ గుడ్డ కింద ఉన్న పేరు ఆయనదే. బతికి ఉన్నన్నాళ్లూ ఆయన ఆ దారి మీలాంటివాళ్ల కోసం తెరిచి ఉంచాడు. దాన్ని మూసి, మూసినందుకు ఆయన పేరు పెడుతున్నారు. నాకిష్టం లేదు. నేను దిగుతున్నాను.”

“అత్తా!”

ఆమె దుంగ దాటి నడిచింది. మొదటి మలుపు దాకా వెనక్కి చూడలేదు. మలుపు దగ్గర కాళ్లు ఆగాయి. నీడలోంచి చల్లగాలి ముఖానికి తగిలింది. వెనక అడుగుల చప్పుడు, రాళ్లు దొర్లే చప్పుడు.

“ఆగు అత్తా. ఆగమంటుంటే. ఒక్కదానివే పోతావా? నీకు పిచ్చా? ఈ బూట్లతో నేను... అబ్బా!”

తియెరీ జారి, పక్కనున్న రాయి పట్టుకోబోయాడు. అది ఊడి చేతిలోకి వచ్చింది. రెండో చేత్తో పొదని అందుకుని నిలదొక్కుకున్నాడు. ఆడవాళ్లిద్దరూ పైన మలుపులో నిలబడి చూస్తున్నారు.

“వస్తున్నారా, పోతున్నారా?” అని అరిచింది రెజీన్ వాళ్లవైపు.

“వస్తున్నాం,” అంది పొట్టావిడ. “మాకు లారీలంటే భయం.”

అందరూ వరసగా దిగారు. ఎక్కడ కాలు పెట్టాలో రెజీన్ చెబుతోంది. ఆమె ఆ దారిలో పెళ్లికి ముందు నుంచీ నడిచింది. పాదాలకి అది గుర్తుంది. సగం దిగాక ఒకచోట ఆగింది. కొండచరియ లోపలికి వంగిన చోటు. నాచు, పోయినేటి ఆకులు, చీమల బారు. అంతకుమించి ఏమీ లేదు. ఇన్ని నెలలుగా ఏం చూడాల్సి వస్తుందని భయపడిందో ఆమెకే అర్థం కాలేదు.

“ఇక్కడేగా?” అంది తియెరీతో.

అతను తల అడ్డంగా ఊపాడు. “ఇంకా పైన. మనం దాటొచ్చేశాం.”

ఆడవాళ్లిద్దరూ మాట అర్థమై కొంచెం ముందుకు వెళ్లి నిలబడ్డారు.

“మోస్తున్నప్పుడు ఏమైనా అన్నాడా?” అంది రెజీన్. ఆ రోజు నుంచీ అడగని మాట అది.

తియెరీ ప్యాంటుకంటిన మట్టి దులిపాడు. చాలాసేపు దులిపాడు. “తిట్టాడు. నన్ను కాదు, తను జారిన రాయిని. బూతులు. తర్వాత, పైన కొత్తగా తవ్విన మెట్టుంది, మట్టి ఇంకా గట్టిపడలేదు, దాని మీద కాలెయ్యకురా అన్నాడు. పాడైపోద్దని. ఇంకేమీ అనలేదు.”

“వేశావా?”

“లేదు. పక్కనుంచి తిరిగి ఎక్కాను. మోస్తూ.”

“ఇప్పుడు?”

తియెరీ దిగొచ్చిన దారివైపు తలెత్తి చూశాడు. “ఇప్పుడు... ఏమో అత్తా. చూసుకోలేదు. వేసే ఉంటాం. నలుగురం.”

రెజీన్ ఒక చేత్తో చెట్టు పట్టుకుని నిలబడింది. కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకోవాల్సినంత లేదు. “పద,” అంది.

వంతెన దగ్గర ఆడవాళ్లిద్దరూ సీసాలెత్తి నీళ్లు తాగారు. పొడుగావిడ రెజీన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, నొక్కి వదిలింది. సాంతియాగోలో మీ ఆయన పేరు చెబుతాం అంది పొట్టావిడ. “వద్దు,” అంది రెజీన్. “దారి బాగుందని వెనకొచ్చేవాళ్లకి చెప్పండి. అది చాలు.” వాళ్లు వెళ్లిపోయారు.

మేనల్లుడూ అత్తా వంతెన గోడ మీద కూర్చున్నారు. తియెరీ తోలుబూట్లు చూసుకున్నాడు. ఒకదాని కుట్టు ఊడింది.

“నేను మూసెయ్యాలనే ఓటేస్తాను,” అన్నాడు. “ఇంకొకర్ని నేను భుజాన వేసుకుని ఎక్కలేను అత్తా. అదీ సంగతి. పరువూ కాదు, ఇంకోటీ కాదు.”

“తెలుసు. నీ ఓటు నువ్వు వేసుకో.”

“దుంగ బిగిస్తాం.”

“బిగించు. మర్నాడు పొద్దున రంపం తెస్తాను. మళ్లీ బిగిస్తే మళ్లీ తెస్తాను. నన్ను జైల్లో పెట్టించు. మీ అమ్మ క్యారేజీ తెస్తుంది.”

అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. “అమ్మ నీ పక్షమే. పొద్దున నాకు కాఫీ కూడా ఇవ్వలేదు.” లేచి ఇటూ అటూ చూశాడు. కారు పైన చీలిక దగ్గరుంది. పైకి పోవాలంటే రోడ్డున చుట్టూ తిరగాలి, లేదా దిగిన దారినే ఎక్కాలి. రోడ్డు మలుపులో లారీ హారను వినిపించింది. తియెరీ కాసేపు ఆ వైపు చూశాడు.

“ఫాదర్‌గారు అక్కడ మాడిపోతుంటారు,” అన్నాడు, ఆమెకి సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు, దారి ఎక్కడం మొదలుపెట్టాడు.

రెజీన్ అతని వీపు చెట్ల మధ్య కనిపించకుండా పోయేదాకా చూసింది. కింద నీళ్లు రాళ్ల మీదుగా పోతున్నాయి. కొంతసేపటికి పైనుంచి కొత్త గొంతులు వినిపించాయి. ఎవరో దిగుతున్నారు. వాళ్ల మధ్యలోంచి మేనల్లుడి గొంతు, విసుగ్గా, ఆయాసంతో:

“ఇది మూసేసిన దారండీ! చదవడం రాదా? ఆ ఇంటూ కనబడలేదా?... సరే, సరే, సగం దిగేశారుగా. రాళ్లని పట్టుకోకండి, ఊడొస్తాయి. పొదల్ని పట్టుకోండి. ఇలా.”

రెజీన్ లేచి, స్కర్టు దులుపుకుని, వాళ్లకి ఎదురెక్కింది.