పల్చని ప్లేటు

ముందు బుసకొట్టిన చప్పుడు. దాని వెనకే మూత కింద ఇనుము టకటకలాడిన చప్పుడు. ఆవిరి తెర చెదిరాక గాని గది కనిపించలేదు: తడి గచ్చు, గాజు సీసాల వరుస, ఆవిరి ఒత్తిడితో ఉడికించే ఆటోక్లేవ్ ముందు మందపాటి చేతితొడుగులతో నిలబడ్డ నడివయసు మనిషి.

ఆసుపత్రి నేలమాళిగలో ఉన్న ఆ ల్యాబులో అందరూ అతణ్ణి వంటాయన అంటారు. సూక్ష్మజీవులకు తిండి వండడం అతని ఉద్యోగం. మాంసపు సారం, పిండి, సముద్రపు నాచు నుంచి తీసిన అగార్ నీళ్ళలో కలిపి, ఆవిరిలో ఉడికించి, చెయ్యి ఓర్చుకునే వేడికి దిగాక ప్లేట్లలో పోస్తాడు. మీడియం అనే ఆ తిండి పెరుగులా తోడుకుంటుంది. రోగి నుంచి తీసిన క్రిములను దాని మీద పూసి, పైన మందు అద్దిన కాగితపు బిళ్ళలు పెడతారు. తెల్లవారేసరికి క్రిములు తెల్లని తివాచీలా పరుచుకుంటాయి. ఏ బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం మిగులుతుందో ఆ మందుకు అవి లొంగినట్టు. ఆ వలయం వెడల్పును స్కేలుతో కొలిచి డాక్టరు తీర్పు చెబుతుంది.

అక్కడ పేర్లుండవు, నంబర్లే. ఆ పద్ధతి అతనికి ఎప్పుడూ హాయిగానే ఉండేది. ఎవరి ఏడుపూ ఈ మెట్లు దిగి రాదు. కాని ఈ వారం ఒక నంబరు అతనికి కంఠతా వచ్చేసింది. అది అక్కది.

వీధి మొత్తం ఆమెను మిషనక్క అంటుంది. అమ్మ పోయిన ఏడాది నుంచే, కాళ్ళు పెడలుకు సరిగా అందని వయసులో, కుట్టుమిషను తొక్కి తమ్ముళ్ళను పెంచింది. ఇప్పుడు పొట్టలో ఆపరేషన్ చేయించుకోవడానికి వచ్చి, రక్తంలోకి క్రిమిని తెచ్చుకుంది. మొదట్లో అది మామూలు క్రిమే. ఏ మొండి క్రిమి దాని పక్కన చేరిందో, సన్నని గొట్టంలాంటి చెయ్యి చాచి చిన్న డీఎన్ఏ ఉంగరాన్ని అందించింది. మందులను ముక్కలు చేసే ఎంజైముల జన్యువులు ఆ ఉంగరంలో ఉన్నాయి. క్రిములకు చుట్టరికం అక్కర్లేదు. పక్కనుంటే చాలు, ఉన్నదానికి నకలు తీసి ఇచ్చేస్తాయి.

“వంటాయనా, ఇటు రండి!” ల్యాబు డాక్టరమ్మ గొంతులో ఎన్నడూ లేని హుషారు. “ఈ చివరి బిళ్ళ చూడండి.”

మిగతా బిళ్ళలన్నిటి అంచుల దాకా తివాచీ అల్లుకుపోయింది. చివరిదాని చుట్టూ మాత్రం గుండ్రంగా, శుభ్రంగా, ఖాళీ. ఆమె మళ్ళీ కొలిచింది.

“గట్టెక్కినట్టే. వార్డుకి ఫోన్ చేస్తున్నా. మీరు వెళ్ళి మీ అక్కగారి చెవిన వెయ్యండి.”

పైన వార్డులో అక్క కళ్ళు గుంటలు పడ్డాయి. పెదవులు మాత్రం ఎప్పటిలాగే మాటకు సిద్ధంగా ఉన్నాయి.

“మందు దొరికింది, అక్కా.”

“ఎక్కడ పారేసుకున్నార్రా ఇన్నాళ్ళూ?”

“వెక్కిరించకు. నిజంగానే ఒకటి పనిచేస్తోంది.”

“నువ్వు వండిపెట్టబట్టే గదరా అవి అంత బలిశాయి! నాకు ఒక్కనాడైనా ఓ ముద్ద వండిపెట్టిన పాపాన పోయావా?”

“ఇంటికి రా, రోజూ వండుతా.”

“వస్తాలే. ముందు ఈ దుప్పటి కుట్టినవాణ్ణి పిలిపించు. అంచు చూడు, తాగి కుట్టినట్టుంది.”

అతను నవ్వాడు. నర్సు కొత్త మందు సీసా వేలాడదీసింది. మెట్లు దిగుతుంటే మోకాళ్ళ నొప్పి గుర్తే రాలేదు.

చూడడం అయిపోయిన ప్లేట్లను సంచిలో వేసి ఆటోక్లేవ్‌లో ఉడికించి పారెయ్యాలి. ఒక్కొక్కటే వేస్తూ, అక్క ప్లేటు దగ్గర ఆగాడు. ఆ వలయాన్ని మరోసారి చూసుకుందామని ట్యూబులైటు కిందకు ఎత్తాడు.

అడుగున తన వేళ్ళు కనిపించాయి. వేళ్ళ మీది గీతలు కూడా కనిపించాయి.

పక్క ప్లేటు ఎత్తాడు. దానిలో వేళ్ళు నీడల్లా మసకగానే ఉన్నాయి.

నిన్న సాయంత్రం మీడియం తగ్గింది. తగ్గితే మళ్ళీ వండాలన్నది నియమం. అతను వండలేదు. చివరి ప్లేట్లన్నిటిలో కాస్త కాస్త తగ్గించి పోసి, అడుగంతా పారేలా వంచి తిప్పాడు. ఆ నేర్పు ల్యాబులో వచ్చింది కాదు. చిన్నప్పుడు ఇంట్లో పాలు చాలనప్పుడు అక్క అలాగే చేసేది. ఏ గ్లాసూ వెలితిగా కనిపించకుండా అందరివీ సమంగా తగ్గించి, చేతి ఒడుపుతో సర్దేసేది. ఆ చెయ్యే అతనికి వచ్చింది. మీడియం పల్చబడితే బిళ్ళలోని మందు లోతుకు దిగలేక పక్కలకు పాకుతుంది. వలయం లేనిపోని వెడల్పు తెచ్చుకుంటుంది.

సంచి కాళ్ళ దగ్గర నోరు తెరుచుకునే ఉంది. ప్లేటు అందులో పడితే ఆవిరిలో కరిగిపోతుంది. పైన అక్క ఆ సీసాను నమ్ముకుని పడుకుంది.

“డాక్టరమ్మా, ఈ ప్లేటు నేను పల్చగా పోశానండి.”

ఆమె అందుకుని, పక్క నుంచి చూసింది. అంచుకు స్కేలు ఆనించింది.

“ఎందుకు?”

“మీడియం చాల్లేదండి.”

“చాలకపోతే మళ్ళీ వండుకోవాలి. ఇది మీకు నేను చెప్పాలా?”

“అక్కర్లేదండి.”

ఆమె వార్డుకు ఫోన్ చేసి మందు మార్పించింది. మిగిలింది ఒక పాత మందే. అది క్రిమితో పాటు కిడ్నీలనూ కొరుక్కుతింటుంది. “సగం ఇప్పటికే పోయాయి. తట్టుకుంటే తట్టుకుంటారు,” అంది ఆమె, అతని వైపు చూడకుండా.

అతను కొత్తగా వండి, సరైన మందంలో పోశాడు. ఆమె క్రిములను పూసి, బిళ్ళలు పెట్టింది. ఈ జాతి తొందరగా పెరుగుతుంది, సాయంత్రానికే వాటి తొలి పెరుగుదల పొగలా కనిపిస్తుందని చెప్పింది. అక్కకు నిజం చెబుదామని అతను మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి ఇంక్యుబేటర్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

లోపల, అక్క ఒంటి వెచ్చదనానికి సరితూగే వెచ్చదనంలో, అవి తిండిని విరిచి శక్తి పిండుకుంటూ, ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ ఉన్నాయి. వాటికి ఎవరి మీదా పగ లేదు. ఆకలి తప్ప మరేమీ లేదు. చీలిన ప్రతిసారీ పిల్లలకు ఆ ఉంగరాన్ని మరవకుండా పంచుతున్నాయి. అక్క రక్తంలోనూ అదే పని, అంతే శ్రద్ధగా.

పొద్దు గూకే వేళ డాక్టరమ్మ ప్లేటు తీసింది. పల్చని పొగ అంతటా పరుచుకుంది. చివరి బిళ్ళను కూడా అంచు దాకా కమ్మేసింది. పొద్దుటి వలయం అబద్ధం. ఆమె స్కేలును వాడకుండానే కోటు జేబులో పెట్టుకుంది. అప్పుడే వార్డు నుంచి ఫోన్ మోగింది.

“నీళ్ళడిగి తాగారండీ,” అంది నర్సు. “పక్కకు తిరిగి పడుకున్నారు. నిద్రపోయారనే అనుకున్నాం.”

అతను వార్డుకు చేరేసరికి అక్కను శవాల గదికి తీసుకెళ్ళిపోయారు. దిండు పక్కన కళ్ళజోడు మిగిలింది. ఒక కాడ ఎప్పుడో విరిగితే, అక్కడ నల్లదారం ఉచ్చు వేసి చెవికి తగిలించుకునేది. ఆ దారం ఇంకా ఆమె చెవి ఆకారంలోనే వంగి ఉంది. అమ్మ ఆమెను ఏమని పిలిచేదో అతనికి గుర్తుంది. అమ్మతోనే ఆ పిలుపు పోయింది. పెద్దదాన్ని తమ్ముడు అలా పిలవకూడదు. అతను కళ్ళజోడును రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ దారపు వంపు దగ్గరకు నోరు వంచి, మెల్లగా అన్నాడు:

“చుక్కీ.”