కడిగి తాగిన మాట

నేను ఒక రాతిపలకను. నా కథ నేను చెప్పుకోవడం ఇదే మొదలు. ఇంతవరకూ ఎవరికి తోచింది వాళ్లు నా మీద రాశారు, ఎవరికి ఇష్టమైనప్పుడు వాళ్లు తుడిచేశారు.

మార్కాపురం దగ్గర గనిలో పుట్టాను. పుట్టాను అనడం కూడా అంత నిజం కాదు. అంతకుముందు ఎన్ని యుగాలుగా భూమి కింద పొరలు పొరలుగా పడుకుని ఉన్నానో నాకే తెలియదు. తిండి లేదు, మాట లేదు, కదలిక లేదు. మనుషుల్లో ఎవరైనా పదకొండు రోజులు అలా ఉంటే ఆయనకు గుడి కడతారు. నన్ను మాత్రం ఉలితో చీల్చారు. కోసిన తర్వాత ఒకావిడ నీళ్లు చల్లుతూ నన్ను నున్నగా రుద్దింది. రుద్దుతున్నంతసేపూ తన ఆడబిడ్డను తిడుతూనే ఉంది. నేను విన్న మొదటి ప్రవచనం అదే. అందులో ఒక్క మాట కూడా కల్పించి చెప్పింది కాదని ఆవిడ గొంతును బట్టి నాకు అనిపించింది.

చట్రం బిగించాక ఒక పల్లెటూరి బడికి వెళ్లాను. నా మొదటి యజమానురాలు మాలకొండమ్మ, ఒకటో తరగతి. గుంటగలగరాకూ బొగ్గూ కలిపి నూరి నన్ను నల్లగా నిగనిగలాడించేది. ఉమ్ముతో తుడిచేది. ఒకసారి ఏవో కోతలు కోసి పంతులుకు దొరికిపోతే, ‘అబద్ధము ఆడరాదు’ అని ఇరవై వరసలు రాయమన్నాడు. నా మీద ఎనిమిది వరసలే పడతాయి. ఎనిమిదీ రాసి, తుడిచేసి, మళ్లీ రెండు రాసి, ఇరవై అయ్యాయి సార్ అంది. పంతులు నమ్మాడు. ధర్మాన్ని గురించి నాకు కలిగిన మొదటి సందేహం అక్కడిదే.

మూడో తరగతికి వచ్చి నోటు పుస్తకం పట్టగానే ఆ పిల్ల నన్ను అటక మీద పడేసింది. అక్కడి నుంచి నన్ను దించింది వాళ్ల పక్కింటి కాశయ్య.

కాశయ్య ఎద్దుల బేరగాడు. వారానికి ఒకసారి సంతలో తువాలు కింద వేళ్లతో బేరం కుదిర్చేవాడు. ఎద్దు నడక చూసి దాని వయసూ, జబ్బూ, గుణం చెప్పగలడు. చెప్పగలడు గాని చెప్పేవాడు కాదు. ఒక ఏడాది చాలులో పడకేసే ఎద్దును, చెన్నకేశవుడి మీద ఒట్టేసి, బంగారం లాంటిదని ఒక రైతుకు అంటగట్టాడు. ఆ రైతు సేద్యం ఆ ఏడు మట్టికొట్టుకుపోయింది. అతను వచ్చి గొడవ పడి ఉంటే కాశయ్య నెగ్గేవాడే. అతను గొడవ పడలేదు. గడప ముందు కూర్చుని నెమ్మదిగా అన్నాడు.

“ఎద్దుకు తెలుసు, నీకు తెలుసు. నాకొక్కడికే తెలవదు గదా కాశయ్యా.”

లేచి వెళ్లిపోయాడు. ఆ మాట కాశయ్యకు ముల్లులా దిగబడింది. ఇక నిజమే చెప్పాలని నిర్ణయించుకుని తర్వాతి సంతకు వెళ్లి, ప్రతి ఎద్దుకూ ఉన్న లోపం పైకి చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఎద్దుల వాళ్లంతా కలిసి ఆయన్ను ముల్లుకర్రలతో తరిమారు. నోరు తెరిస్తే అబద్ధమైనా చెప్పాలి, దెబ్బలైనా తినాలి అని ఆయనకు అర్థమైంది. అప్పటికి భార్య కూడా పోయింది. ఊరి బయట పాడుబడ్డ మండపంలోకి చేరి నోరు మూసుకున్నాడు. అన్నం పెట్టే వాళ్లకు తనకేం కావాలో రాసి చూపడానికి నన్ను అడిగి తెచ్చుకున్నాడు.

ఆయనకు స్వామి అయ్యే ఉద్దేశం ఏమీ లేదు. కానీ మన దేశంలో ఒక మనిషి గడ్డం పెంచి మాట్లాడకుండా కూర్చుంటే, ఆ తర్వాత జరిగేది అతని చేతిలో ఉండదు. ముందు ఒక కొబ్బరికాయ వచ్చింది. తర్వాత ఒక దండ వచ్చింది. ఆ వెనకాల ఆయన బామ్మర్ది గురవయ్య వచ్చాడు.

గురవయ్య నన్ను చదివే పని తీసుకున్నాడు. వచ్చే వాళ్లలో చాలామందికి చదువు రాదు, చదువు వచ్చిన వాళ్లు భక్తితో తల ఎత్తరు. అందుకని స్వామి రాస్తాడు, గురవయ్య పైకి చదువుతాడు. ఒకరోజు కాశయ్య నా మీద ‘పప్పులో ఉప్పు తక్కువ’ అని రాశాడు. గురవయ్య కళ్లు మూసుకుని, సంసారంలో సారం లేదని స్వామివారు సెలవిచ్చారు అన్నాడు. జనం లెంపలు వేసుకున్నారు. కాశయ్య గడ్డంలో నవ్వుకున్నాడు. పప్పు మాత్రం చప్పగానే ఉంది. ‘వీపు దురద’ అని రాస్తే అది కోరికలను వదిలించుకునే వాసనాక్షయం గురించిన ఉపదేశమైంది. నవ్వొచ్చే విషయమే కదా అని ఆయన ఊరుకున్నాడు. నేనూ నవ్వాను. తర్వాత తలుచుకుంటే ఆ నవ్వు దగ్గరే మేమిద్దరం జారామని తెలుస్తోంది.

ఇంకొక వింత కూడా మొదలైంది. గురవయ్య నన్ను నీళ్లతో కడుగుతుంటే, జ్వరంతో వచ్చిన ఒకావిడ ఆ నీళ్లు దోసిట పట్టి తాగింది. మూడో రోజు జ్వరం తగ్గింది. మూడు రోజులకు తగ్గే జ్వరమే అది. అప్పటి నుంచి నా కింద ఒక ఇత్తడి పళ్లెం వెలిసింది. అక్షర తీర్థం అన్నారు. అందులో ఉండేది బలపం పొడి, గురవయ్య చేతి మురికి. ఒక్కొక్కరు కళ్లకద్దుకుని తాగుతుంటే నాకు సిగ్గేసేది.

ఇలా తొమ్మిదేళ్లు గడిచాయి. అప్పుడు ఓబులమ్మ వచ్చింది.

ఓబులమ్మకు నలభై దాటి ఉంటాయి. గడ్డి కోసుకుని రెండు గేదెలను మేపుకునే ఒంటరి మనిషి. అందరూ వెళ్లేదాకా ఒక పక్కన నిలబడి, ఆ తర్వాత దగ్గరికి వచ్చి, పైట మీద చెయ్యి పెట్టి, ఇక్కడ గడ్డ ఉందని, నిరుడు కందిగింజంత ఉండేదని, ఇప్పుడు నిమ్మకాయంత అయిందని తల దించుకుని చెప్పింది. మగ డాక్టరు దగ్గరికి వెళ్లలేకపోయిందట. ఇరుగుపొరుగు అది పూర్వజన్మ పాపం అంటున్నారట.

“పోయిన జన్మలో నేనేం జేసినానో నాకు తెలవదు సామీ. ఈ జన్మలో అయితే గడ్డి కోసుకుంటానే ఉండా. పాపం జేసే తీరిక యాడుండాది?”

కాశయ్య ఆమెను పరకాయించి చూశాడు. నన్ను లాక్కుని గబగబా రాశాడు: ‘ఒంగోలు పెద్దాసుపత్రికి పో. ఆలస్యం చెయ్యొద్దు.’

గురవయ్య నన్ను చూశాడు, ఓబులమ్మను చూశాడు. నలభై రోజులు మండపం చుట్టూ ప్రదక్షిణలు చెయ్యాలనీ, రోజూ తీర్థం పుచ్చుకోవాలనీ చదివాడు.

కాశయ్య బలపంతో నా మీద టకటకా కొట్టాడు. గురవయ్య తడుముకోకుండా, నలభై కాదు, నలభై ఒకటి అంటున్నారు స్వామి అన్నాడు. ఓబులమ్మ దండం పెట్టింది. గురవయ్య నన్ను కడిగాడు. ఆమె పళ్లెంలో నీళ్లు తాగి వెళ్లిపోయింది. ‘ఆసుపత్రికి పో’ అన్న మాట ఆమె కడుపులోకి వెళ్లింది, చెవిలోకి మాత్రం వెళ్లలేదు.

ఆమె వెళ్లాక బావా బామ్మర్దులకు యుద్ధం జరిగింది. ఒకరికి నోరుంది, ఒకరికి బలపం ఉంది. ‘దాన్ని పిలిచి చెప్పు’ అని కాశయ్య రాశాడు. గురవయ్య బొటనవేలితో చెరిపేశాడు.

“ఆసుపత్రికి పొమ్మని చెప్పేదానికి సామెందుకు బావా, కాంపౌండరు చాలదా? నిన్ను నమ్మి వచ్చిన మనిషికి ధైర్యం జెప్పినా. అది అబద్ధమెట్టయిద్ది?”

కాశయ్య నోరు తెరవబోయి మూసుకున్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ నోటి నుంచి అబద్ధం రాలేదు. ఆ తొమ్మిదేళ్లను ఆయన గాజుగిన్నెలా చేతుల్లో పట్టుకుని ఉన్నాడు, అది జారిపోతుందని భయం. నాలుగు నిమిషాల మాటకు తొమ్మిదేళ్ల తపస్సు ఎందుకు పోగొట్టుకోవాలని ఆయన ఆలోచించాడు. నా అనుమానం ఏమిటంటే, సంతలో ఎద్దును అమ్మిన రోజు కంటే పెద్ద అబద్ధం ఆయన ఆడింది ఈ రోజే. ఆ రోజు కనీసం నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడాడు.

ఓబులమ్మ రోజూ వచ్చేది. గేదెలకు గడ్డి వేసి, స్నానం చేసి, పొద్దున్నే ప్రదక్షిణలు. కాశయ్య రోజూ అదే మాట రాసేవాడు. గురవయ్య రోజూ వేరే మాట చదివేవాడు. కడిగేవాడు. ఆమె తాగేది. ఒకరోజు పెద్ద అక్షరాలతో రాశాడు, ఒకరోజు కింద గీత గీశాడు. పెద్ద అక్షరాలు కడిగితే నీళ్లు కాస్త ఎక్కువ తెల్లగా అయ్యాయి, అంతే. నాకు నోరు లేదు. ఆయనకు ఉంది. మా ఇద్దరి మౌనానికీ తేడా అదొక్కటే.

ఇరవై మూడో రోజు, శనివారం, జనం ఎక్కువగా ఉన్నారు. గురవయ్య అందరి ముందూ ఓబులమ్మను ఎట్లా ఉందని అడిగాడు. ఆమె అటూ ఇటూ చూసింది. తగ్గలేదంటే భక్తి లేదంటారు.

“తగ్గినట్టే ఉండాది సామీ,” అంది.

గురవయ్య నన్ను కడగకముందే తీర్థానికి కుడిచెయ్యి చాపింది. చెయ్యి భుజం దాకా లేవలేదు. ఎడం చేత్తో మోచెయ్యి కింద పట్టుకుని పైకెత్తింది. అది మిగతా ఎవరికీ కనిపించలేదు. ముప్పై ఏళ్లు జంతువుల మూపులు చూసిన వాడికి కనిపించింది.

“తగ్గలేదు.”

ఎవరన్నారో ముందు ఎవరికీ తెలియలేదు. తొమ్మిదేళ్లు వాడని గొంతు, తుప్పు పట్టిన గడియలా ఉంది.

“తగ్గలేదు. నేను రాసేది ప్రదక్షిణలని గాదు. మొదటి రోజు నించి ఒంగోలు పొమ్మని రాస్తుండా.”

ఒకావిడ కాళ్ల మీద పడింది. ఇద్దరు ముగ్గురు, వ్రతం చెడింది, ఇక ఊరికి వానలుండవని వెనక్కి జరిగారు. గురవయ్య ఒక్క నిమిషం తెల్లబోయాడు, ఒక్క నిమిషమే. వెంటనే చేతులెత్తి, పలికేది స్వామి కాదనీ, ఆయన ఒంట్లోకి ఏదో గాలి చేరిందనీ ప్రకటించాడు. జనం తలలూపారు. ఉప్పు తక్కువైందంటే వేదాంతమని నమ్మిన వాళ్లు, ఆసుపత్రికి పొమ్మంటే దయ్యమని కూడా అంతే సులువుగా నమ్మారు.

ఓబులమ్మ మాత్రం కదలలేదు. కాశయ్య మొహంలోకి సూటిగా చూసింది.

“ఎద్దులమ్మేటప్పుడు గూడా ఇట్టనే నమ్మకంగా చెప్పేవాడివంట గదా సామీ. ఏది నమ్మాల నేను?”

కాశయ్య ఒట్టు వేయవచ్చు. కానీ ఒట్టుకు ఉన్న విలువ ఎంతో ఆయన కంటే బాగా తెలిసిన వాడు అక్కడ లేడు. లేచి, ఆ పూట రాత ఇంకా కడగని నన్ను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

“నన్ను నమ్మబాక. దీన్ని తీసకపోయి ఎవురితోనైనా చదివించుకో.”

పలక ఆశ్రమానిదని గురవయ్య అడ్డం వచ్చాడు. ఓబులమ్మ నన్ను ఛాతీకి తగలకుండా కాస్త దూరంగా పట్టుకుని, పక్కకు తప్పుకుంది.

“ఇన్నాళ్లు కడిగి తాపితిరి గదన్నా. ఈ పూట కడగబాక.”

రోడ్డు మీదికి వచ్చింది. సోడా కొట్టు అతనికి చూపించింది. ఒంగోలు పెద్దాసుపత్రికి పో, ఆలస్యం చెయ్యొద్దు అని అతను చదివాడు. ఆమె ముందుకు నడిచి, కాలేజీ బస్సు కోసం నిలబడ్డ అమ్మాయికి చూపించింది. ఆ అమ్మాయీ అదే చదివింది. ఒంగోలు బస్సు వచ్చాక కండక్టరుకు చూపించింది. అతను కూడా అదే చదివి, ఒంగోలుకు టికెట్ కొట్టమంటావా అని అడిగాడు. ముగ్గురూ ఒకరికొకరు తెలియని మనుషులు, ముగ్గురిదీ ఒకే మాట. ఓబులమ్మ మెట్టు మీదే నిలబడి నన్ను చూసింది. ఇరవై మూడు రోజులుగా తాగింది ఇదేనా అన్నట్టు ఒకసారి గుటక మింగింది. గేదెలను చూసుకోమని చెల్లెలికి కబురు చెప్పమని సోడా కొట్టు అతనికి కేకేసి, బస్సెక్కింది.

పెద్దాసుపత్రిలో అదృష్టం కొద్దీ డాక్టరమ్మ ఉంది. పరీక్షలు అయ్యాయి. కాగితాలు వచ్చిన రోజు ఆ డాక్టరమ్మ ఓబులమ్మ భుజం తట్టి, ఏం భయం లేదమ్మా, చిన్న ఆపరేషన్, అంతా బాగైపోతుంది అంది. నేను సంచిలో ఉన్నాను. ఆ గొంతు నాకు కొత్త కాదు. గురవయ్య గొంతుకు తెల్లకోటు తొడిగినట్టుంది.

ఓబులమ్మ సంచిలో నుంచి నన్ను తీసి బల్ల మీద పెట్టింది, పక్కన బలపం పెట్టింది.

“భయం లేదని మీరు నేలను జూసి చెప్తుండారు తల్లీ. ఉన్నది ఉన్నట్టు ఇందులో రాయండి. బయట చదివించుకుంటా.”

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది. బలపం అందుకుంది. చాలామంది చేతులు చూశాను నేను, అంత బరువుగా రాసిన చెయ్యి మరొకటి లేదు. ఐదు వరసలు రాసింది: ‘ఇది క్యాన్సర్. బాగా ఆలస్యమైంది. రొమ్ము తీసెయ్యాలి. తీస్తే బతకవచ్చు. తప్పకుండా బతుకుతావని చెప్పలేను.’

ఓబులమ్మ వరండాలోకి వెళ్లింది. మొదటి మనిషి చదువుతుంటే అతని వేలు ఏ వరస దాకా వచ్చిందో చూసుకుంది. రెండో మనిషి వేలు కూడా ఆ చివరి వరస దాకా వచ్చింది. మూడో మనిషి పక్క మంచం రోగికి తోడుగా వచ్చిన నడివయసు ఆవిడ. ఆవిడ నాలుగు వరసలు చదివి గొంతు సవరించుకుని, అంతేనమ్మా అంది.

“అక్కా, కింద ఇంకొక వరస ఉండాది. అది గూడా చదువు,” అంది ఓబులమ్మ.

ఆవిడ ఏడుస్తూ చదివింది. ఓబులమ్మ ఆవిడ వీపు నిమిరి, లోపలికి వచ్చి, ఆపరేషన్ చెయ్యమంది.

అదంతా జరిగి నాలుగేళ్లు. ఇప్పుడు నేను ఆమె ఇంట్లో నీళ్ల కడవ మీద మూతను. గురవయ్య తానే మౌనం పట్టాడని విన్నాను, కొత్త పలక కూడా కొన్నాడట, చదవడానికి నమ్మకమైన మనిషి దొరక్క అవస్థ పడుతున్నాడట. కాశయ్య మళ్లీ సంతకు వెళుతున్నాడు. నిజమే చెబుతాడు. అమ్మేవాళ్లు ఆయన్ను దూరం నుంచే చూసి ఎద్దును వేరే దారిన తిప్పుకుపోతారు. ఓబులమ్మ జబ్బును ఇరుగుపొరుగు ఇప్పటికీ పాపం కింద లెక్కేస్తారు. ఆమె ఎదురు చెప్పదు. గడ్డి కోతకు టైమవుతుంది.

ఆరు నెలలకోసారి నన్ను దించి పైటచెంగుతో తుడిచి ఒంగోలు తీసుకెళుతుంది. నేను కనిపించగానే డాక్టరమ్మ నిట్టూర్చి బలపం కోసం చెయ్యి చాపుతుంది. మొన్న వెళ్లినప్పుడు నా మీద ఒక్క వరసే రాసింది: ‘ఈసారి ఏమీ లేదు. బాగున్నావు.’

వరండాలో ముగ్గురు చదివారు. ముగ్గురూ అదే చదివారు. మంచి మాట కావడంతో ఓబులమ్మకు అనుమానం వచ్చింది. నన్ను చంకలో పెట్టుకుని నాలుగో మనిషిని వెతుక్కుంటూ గేటు వైపు నడిచింది.