మందు అంటనివాళ్ళు

మందు కొట్టిన చొక్కాను మెషిన్‌లో వెయ్యకూడదు. ఇది మా ఇంట్లో నియమం. మెషిన్ కొన్న రోజునే అత్తమ్మ తేల్చి చెప్పేసింది, "మందు బట్టలు దాంట్లో ఎయ్యమాకమ్మాయ్, వాసన పట్టుకుందంటే వదలదు, మెషిన్ పాడవుద్ది" అని. అందుకని దుప్పట్లూ, నా చుడీదార్లూ, అత్తమ్మ చీరలూ మెషిన్‌లో హాయిగా తిరుగుతాయి. మిరపచేలో పురుగుమందు కొట్టి వచ్చిన మా ఆయన హయాత్ చొక్కా, మరిది లుంగీ, ఇద్దరూ మొహాలకు చుట్టుకున్న తువ్వాళ్ళు మాత్రం పెరట్లో బండ మీద నా చేతికొస్తాయి. బకెట్లో ముంచగానే నీళ్ళు తెల్లబడతాయి. కొత్తలో ఆ వాసనకు తల పగిలిపోయేది. ఈమధ్య వాసనే రావడం లేదు. రావడం లేదో, నాకే తెలియడం లేదో.

గుంటూరులో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పెళ్ళయ్యాక చదివిస్తున్నారంటే ఎంత గొప్పవాళ్ళో చూడమని బంధువులంటారు. చదివించడమంటే వాళ్ళు వద్దనకపోవడం. పొద్దున్నే వంటా, పాచిపనీ, బట్టలూ నేనే ముగించుకుని ఆటోలో నల్లపాడు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కాలేజీకి పోతాను. సాయంత్రం వచ్చి మళ్ళీ అందుకుంటాను. పుస్తకం పట్టుకుని కూర్చుంటే హయాత్ నవ్వుతాడు. "సైంటిస్టు గారూ, భూగోళాన్ని రేపు కాపాడుదురుగానీ, ముందు టీ పెట్టండి." మంచివాడే. కొట్టడు, తిట్టడు. నన్ను చూసి నవ్వుతాడు, అంతే. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత కోపం వచ్చేది, ఇప్పుడు టీ పెడతాను.

చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు మా ఊరినే తీసుకున్నాను. మిరపకు కొట్టే మందులు మనుషుల ఒంట్లోకి ఎంతవరకు చేరుతున్నాయో చూడాలి. మందు ఒంట్లో చేరితే రక్తంలో ఒక ఎంజైమ్ తగ్గుతుంది. అది ఎంత తగ్గిందో కొలవాలి. గైడ్ జయకుమారి మేడం రెండు గుంపులు పెట్టమన్నారు. ఒకటి మందు కొట్టే మగవాళ్ళది. రెండోది, పోల్చి చూడటానికి, మందు అంటనివాళ్ళది. మా వరండాలోనే నర్సు వచ్చి రక్తం తీసింది. హయాత్ అందరికంటే ముందు చెయ్యి చాపి, "మా ఆవిడ నా రక్తం తాగుద్దని నేనెప్పుడో చెప్పాగా" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండో గుంపు గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. చేను గట్టు తొక్కని ఆడవాళ్ళు మా వీధిలోనే బోలెడంతమంది. వాళ్ళ మొగుళ్ళే మందు కొడతారు, వీళ్ళు ఇళ్ళు దాటరు. పక్కింటి కోటిరత్నం పిన్ని, "నేనేం చేస్తన్నానని నా రక్తమే?" అని వెనక్కి తగ్గింది. "నువ్వేం చెయ్యవనే కదా పిన్నీ" అని కూర్చోబెట్టాను. ఒకరు తక్కువైతే నేనూ కూర్చున్నాను.

ఫలితాలు వచ్చిన రోజు మేడం గదిలోకి పిలిచి కాగితాలు నా ముందు పడేశారు.

"ఏంటిది సిద్దికా? మందు కొట్టేవాళ్ళ కంటే ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళ రక్తం అధ్వాన్నంగా ఉంది. ట్యూబులు తారుమారు చేసుంటావ్."

"లేదు మేడం. లేబుళ్ళు నేనే అంటించాను."

"వీళ్ళు పొలం వెళ్తారా?"

"వెళ్ళరు మేడం."

"మరి ఇంట్లో ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యరు మేడం."

ఆవిడ తల పట్టుకున్నారు. "ఇవి తీసేసి, హాస్టల్ పిల్లల రక్తం పెట్టు. వైవా దగ్గర పడింది, దీంతో వెళ్తే ఫెయిల్ చేస్తారు" అన్నారు. సరేనన్నాను. అందరిలోకీ తక్కువ రీడింగు నాదే. భయపడాలి కదా, ఏమీ అనిపించలేదు. ఆటోలో కూర్చున్నాక మాత్రం ఆ 'ఏమీ చెయ్యరు' అన్న మాట వదల్లేదు. అత్తమ్మ అంటుంది ఆ మాట, హయాత్ అంటాడు. నా చదువుతో, నా నోటితో, నా గురించి నేనే అని వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ వాకిట్లో పట్టా మీద ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. నేనూ కూర్చున్నాను. పెళ్ళైన కొత్తలో ఈ పని చేస్తే చేతులు మండి, మజ్జిగలో ముంచుకుని ఏడ్చేదాన్ని. ఇవాళ మంట లేదు. చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా తిమ్మిరి. తొడిమ పట్టుకున్నానో లేదో కళ్ళతో చూస్తేగానీ తెలియడం లేదు. "మా కోడలి చేతులు కాయలు కాసినయ్, ఇక మంటే తెలవదు" అని అత్తమ్మ దారినపోయే ఆవిడతో గొప్పగా చెప్పింది. ఈ ఇంటికొచ్చాక నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

అప్పుడే పొలం నుంచి వచ్చిన హయాత్, పెరట్లోకి వెళ్ళి గ్లౌజులు తీసి బండ మీద పడేశాడు. మందుల షాపువాళ్ళు మాస్కుతో పాటు ఇచ్చినవి. మనిషి జాగ్రత్తపరుడు, అవి లేకుండా డబ్బా మూత కూడా తియ్యడు. రాగానే స్నానానికి వేడినీళ్ళు కావాలి, నేను కాచి పెడతాను. చొక్కా విప్పి గ్లౌజుల పక్కన పడేసి, "పొద్దున్నే మళ్ళీ మందు కొట్టాలి, ఉతికి ఆరెయ్" అని అక్కణ్ణుంచే అన్నాడు.

ఆ గ్లౌజులను రోజూ కడిగేదీ నేనే. ఉత్త చేతులతో.

లేచి పెరటి గోడ దగ్గరకు వెళ్ళాను. "పిన్నీ, బాబాయి మందు బట్టలు ఎవరుతుకుతారు?" అన్నాను.

కోటిరత్నం పిన్ని నవ్వింది. "ఎవరుతుకుతారే, నీకేమన్నా పిచ్చా?"

"నీ చేతులెట్లా ఉన్నాయి?"

నవ్వు ఆపింది. "సూదిలో దారం ఎక్కించలేకపోతన్నానే. వయసు కదా."

నాకింకా ఆ వయసు రాలేదు. అక్కడే నిలబడి మేడంకు ఫోన్ చేశాను. "ట్యూబులు తారుమారు కాలేదు మేడం. తప్పు నాదే. వీళ్ళే మందు అంటనివాళ్ళనుకున్నాను. మందు బట్టలన్నీ, నాతో సహా వీళ్ళే ఉత్త చేతులతో ఉతుకుతారు, ఒక్కొక్కరూ ఇంట్లో ఉన్న మగవాళ్ళందరివీ. వీళ్ళ రీడింగులు తీసెయ్యను."

"వైవాలో ఒప్పుకోకపోతే?"

"మళ్ళీ రాస్తాను మేడం."

మేడం గొంతు మారింది. "నీ చేతులు ఎలా ఉన్నాయమ్మా?"

ఎవరూ అడగని మాట అది. "తెలియడం లేదు మేడం" అన్నాను. రేపే డాక్టరు దగ్గరకు తీసుకెళ్తానన్నారు. ఫోన్ పెట్టేశాక, ఎన్నాళ్ళ తర్వాతో, ఏడుపు వచ్చింది. కొంచెమే, కానీ వచ్చింది.

స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చిన హయాత్ బండ వైపు చూశాడు. "ఏంటి, ఇంకా నానబెట్టలేదా?"

బకెట్ నింపాను. సబ్బు పక్కన పెట్టాను. గ్లౌజులు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఎందుకివి?"

"మెషిన్‌లో మాత్రం ఎయ్యమాకురా" అంది వాకిట్లోంచి అత్తమ్మ, ఏం జరుగుతోందో చూడకుండానే.

"మీ రక్తం నా రక్తం కంటే బాగుంది" అన్నాను. "ఇవాళ్టి నుంచి మీరే ఉతుక్కోండి."