రెండో పూత

కుంచెను డబ్బా అంచుకు రెండుసార్లు రాసి, చెక్కపెట్టె మూత మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపున లాగాడు పాలిషాయన. మధ్యలో చెయ్యి ఆగితే చార పడుతుంది. ముప్పై ఏళ్లుగా వార్నిష్ పని తప్ప మరొకటి ఎరగడు. గోళ్లు గోధుమరంగుకు తిరిగాయి. ఎన్ని ఉయ్యాలలకు, ఎన్ని కుర్చీలకు మెరుపు తెచ్చాడో చెప్పలేం గానీ, ఆయన ఒంటికి మాత్రం ఆ భాగ్యం దక్కలేదు.

మూడేళ్ల కిందట ఆయన ముక్కు పనిచేయడం మానేసింది. ఇంట్లో పాలు మాడినా తెలియదు. వేలు పెట్టి చూస్తే ముద్ర పడుతుందని, పూత ఆరిందో లేదో ఆయన పనిచేసే షెడ్డులో అందరూ వాసనతోనే పోల్చుకుంటారు. ఘాటు పూర్తిగా పోయాకే రెండో పూత. తొందరపడితే పైపొర ముడతలు పడి పనంతా పాడవుతుంది. సంగతి తెలిస్తే యజమాని ఒక్కరోజు కూడా ఉంచుకోడు.

తెలిసింది భార్యకొక్కదానికే. పక్కనే కూర్చుని ఉప్పుకాగితంతో చెక్క నునుపు చేసే పని ఆమెది. దుమ్ము ఊదే నెపంతో వంగి వాసన చూసేది. తడి ఉంటే “కాసిని మంచినీళ్లు తాగయ్యా” అనేది. ఆరితే ఏమీ అనేది కాదు.

“మీ ఆవిడకెంత ప్రేమయ్యా, గంటగంటకీ నీళ్లు తాగిస్తుంది” అని యజమాని వేళాకోళం చేసేవాడు.

వారం రోజులుగా ఆమెకు ఆయాసం. చెక్కపొట్టు ఊరికే పోలేదు, ఊపిరితిత్తుల్లోకే పోయింది. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని గిన్నె పక్కకు నెట్టేసింది.

“ఆసుపత్రికి పోదాం పదవే.”

“రేపు పొద్దున్నే పెట్టె పంపాలిగా. నేను పోతే నీకు ముక్కెవరు అరువిస్తారు?” అని నవ్వబోయి దగ్గింది.

ఎండ గోడ దిగుతుండగా ఆయన రెండో పూతకు మళ్లీ డబ్బా తెరిచాడు. ఆమె మూతకు దగ్గరగా, గోడకు చేరగిలబడి ఉంది.

“వేసెయ్యనా?” అన్నాడు తిరిగి చూడకుండా.

ఆమె ఏమీ అనలేదు. ఆయన నిశ్చింతగా మొదలుపెట్టాడు. చార పడకుండా, బొట్టు జారకుండా వేశాడు. వెనక్కి జరిగి చూసుకునేసరికి మూత మధ్యలో చిన్న ముడత లేచింది. చూస్తుండగానే అది నలువైపులా పాకింది. ఆయనకు ఒళ్లు మండింది.

“నోరు తెరిచి ఒక్కమాట చెబితే నీ సొమ్మేం పోయిందే?”

భుజం పట్టి కుదిపాడు. ఆమె తల పక్కకు వాలింది. వేళ్ల మధ్య ఉప్పుకాగితం అలాగే ఉంది.

ఆయన కేక విని వచ్చిన యజమాని ముందు మూతనే చూశాడు. “ఇంత ఘాటు కొడుతుంటే తెలియలేదా నీకు?” అన్నాడు. తర్వాతే ఆమెను చూశాడు.

పాలిషాయన దాచలేదు. “నాకు తెలియదయ్యా. దానికే తెలుస్తుంది” అన్నాడు. ఆ మాటతో తన పని పోయిందని ఆయనకు తెలుసు. అయినా ఆ క్షణాన అది పెద్ద సంగతిగా తోచలేదు.

ఆ ఆలుమగలిద్దరూ వెళ్లిపోయిన షెడ్డులో పెట్టె ఉండిపోయింది. నెల తిరిగినా దాని మూత తాకిన వేలికల్లా అంటుకుంటూనే ఉంది.