పక్కన కూర్చున్నవారు

పలమనేరు చుట్టుపక్కల ఎవరు పోయినా ముందు మా అమ్మకు కబురు వచ్చేది. అమ్మ పేరు కుప్పమ్మ. ఒప్పారి పాడేది. అంటే శవం ముందు కూర్చుని, పోయినవాళ్లను పిలిచి పిలిచి ఏడ్చే పాట. చిన్నప్పుడు నాకు అదంటే ఒళ్లుమంట. బళ్లో నన్ను ‘ఏడుపుల కుప్పమ్మ కూతురు’ అనేవాళ్లు. అన్నందుకు ఒకడి పలక పగలగొట్టాను కూడా.

ఇప్పుడు ఆ ఏడుపు వల్లే నాకు ఉద్యోగం వచ్చింది. తిరుపతిలో ఒక యూనివర్సిటీలో ప్రాజెక్టు. పుస్తకాలకెక్కని ఆడవాళ్ల పాటలు రికార్డు చేసి, ఎవరైనా వెతుక్కుని వినేలా కంప్యూటర్లో దాచిపెట్టడం మా పని. భాష వాళ్లు, సంగీతం వాళ్లు, కంప్యూటర్ వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని గొంతులు చించుకుని వాదించుకుంటారు. పాటకో ఫారం ఉంటుంది. ఒప్పారి ఫారం తయారుచేసింది నేనే. తయారుచేశాను నా మొహం, మొత్తం అమ్మ దగ్గర కొట్టేశాను.

అమ్మ ఏ ఇంటికి పోయినా పోగానే పాట ఎత్తుకోదు. ఇంటివాళ్లను పక్కకు పిలిచి అడుగుతుంది. ఆఖరి ముద్ద ఏం తిన్నాడు, ఆఖరున ఎవరిని తలుచుకున్నాడు, ఏ పని సగంలో వదిలేసి పోయాడు. ఆ జవాబులతోనే పాట కడుతుంది. ఇంకొకటి, ఒప్పారి ఒంటరిగా పాడరు. పక్కన ఇంకో ఆడమనిషి కూర్చోవాలి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకోవాలి. ఏళ్ల తరబడి మాటల్లేనివాళ్లు కూడా ఆ పూటకు చెయ్యి వేస్తారు. ఇవన్నీ ఫారంలో గళ్లుగా పెడితే మా ప్రాజెక్టు పెద్ద పంకజాక్షి మేడం మీటింగులో చప్పట్లు కొట్టించింది. ‘పక్కన కూర్చున్నవారు’ అనే గడి నింపకపోతే ఫారం ముందుకు పోకూడదని పట్టుబట్టి పెట్టించింది కూడా నేనే.

ఫారం బాగానే ఉంది, పాటే లేదు. చావు ఇంట్లోకి మిషను పట్టుకుని పోతే ఎవరు ఊరుకుంటారు? ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు కావస్తున్నా ఒక్క ఒప్పారి దొరకలేదు. మార్చి నెలాఖరుకు నా కాంట్రాక్టు అయిపోతుంది. “మీ అమ్మగారు ఉన్నారు కదా” అంది మేడం. ఉంది. కానీ అమ్మ పాడక నాలుగేళ్లయిందని నేను మేడంకు చెప్పలేదు.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో మా తమ్ముడు మునిప్రసాద్ పోయాడు. ఇరవై నాలుగేళ్లు. శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని. ఆస్పత్రిలో చేరిన ఆరో రోజు పోతే శవాన్ని ఇవ్వలేదు, కాల్చేశామని ఫోనులో చెప్పారు. ఊరందరి శవాల మీదా పడి ఏడ్చిన మనిషికి కొడుకు మొహం కూడా దక్కలేదు. అమ్మ ఏడవలేదు. ఆ తరువాత ఎవరు వచ్చి పిలిచినా, గొంతు పోయిందని చెప్పి పంపేసింది.

అయినా ఊరికి పోయాను. సిగ్గులేనిదాన్ని. మధ్యాహ్నం అమ్మ వసారాలో చింతపండు గింజ తీస్తూ ఉంది. రోలు మీద రికార్డరు ఆన్ చేసి పెట్టి, ఒక్క పాట పాడమని, లేకపోతే నా ఉద్యోగం పోతుందని బతిమాలాను. శవం లేకుండా ఒప్పారి ఎత్తితే ఇంటికి అరిష్టమంది. ఎవరికని పాడాలి, బతికినవాళ్లకా అంది. గంటసేపు అదే మాట. నాకసలే కోపం ఎక్కువ.

“మునిప్రసాదుకు పాడు. వానికి ఎవురు పాడినారు?” అనేశాను.

అమ్మ చేతిలోని చింతపండు కింద పెట్టింది. పరాయి ఇంట్లో అడిగినట్టే అడిగింది.

“అయితే సెప్పు. ఆఖరి ముద్ద ఏం తిన్న్యాడు వాడు? ఆఖరున ఎవుర్ని తలుసుకున్న్యాడు?”

ఫారంలో నేను టైపు కొట్టిన ప్రశ్నలే. నాలుగేళ్ల క్రితం అమ్మకు నేను చెప్పింది ఒకటే, వాడు స్పృహ లేకుండానే పోయాడని. అది అబద్ధం. ఇప్పుడూ ఇంకో అబద్ధం చెప్పొచ్చు. కానీ చెబితే దాన్నే పాటగా కట్టి కొడుకుకు పాడుతుంది. అది నా వల్ల కాలేదు.

ఫోను తీసి, పోయిన రోజు వాడు ఆస్పత్రి నుంచి పంపిన వాయిస్ మెసేజి పెట్టాను. రెండు ఫోన్లు మారినా దాన్ని పోగొట్టలేదు, ఎవరికీ వినిపించలేదు. ఆయాసపడుతూ వాడి గొంతు. “అక్కా, అమ్మకు ఒకతూరి ఫోన్ ఇయ్యి. అమ్మతో మాట్లాడాల. సంగటి తినాలని ఉండాదని సెప్పు.”

అమ్మ మూడుసార్లు పెట్టించుకుని వింది. రాగి సంగటి వద్దు, వరి అన్నమే కావాలని చిన్నప్పటినుంచీ కంచం తోసేసినవాడు వాడు.

“నాలుగేండ్లుగా, వాడు నన్ను తలుసుకోకుండానే పోయినాడనుకుంటి పాపా” అంది. ఆ తరువాత అడిగింది, “అప్పుడు నువ్వు యాడుండావు?”

చెప్పాను. నడి ఇంట్లోనే ఉన్నాను. ఈ ఉద్యోగానికే కంప్యూటర్లో ఇంటర్వ్యూ. ఫోను శబ్దం రాకుండా బోర్లా పెట్టాను. నలభై నిమిషాల తరువాత చూసి, తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. అమ్మ ఆ నలభై నిమిషాలూ దొడ్లో ఆవుకు గడ్డి వేస్తూ ఉంది. కేక వేస్తే వినపడే దూరం.

తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. అమ్మ లేచి చేతులు కడుక్కుంది. కొప్పు విప్పి జుట్టు వదులుకుంది. ఉత్తరం గోడవైపు, వాడు పడుకునే మంచం ఉండిన చోటుకు తిరిగి కూర్చుంది. నేను పోయి పక్కన కూర్చుని భుజం ఆనించాను. అమ్మ కొంచెం పక్కకు జరిగింది. రెండు చేతులూ తన మోకాళ్ల మీదే పెట్టుకుని ఎత్తుకుంది.

సంగటొద్దని అలిగిపోతివి కొడకా,
సంగటే కావాలని అడిగితివా కొడకా,
పొయ్యి నా కాడనే మండె కొడకా,
నీ పిలుపే నా కాడికి రాకపాయె కొడకా.

పొద్దు వాలేదాకా పాడింది. వాడి సైకిలు వచ్చింది పాటలో, వాడు కట్టి సగంలో వదిలేసిన పశువుల కొట్టం గోడ వచ్చింది, వాడి కంపెనీ బస్సు వచ్చింది, ఆస్పత్రి వచ్చింది. నేను రాలేదు. తిట్టడానికైనా నా పేరు ఎత్తలేదు. నేను చెయ్యి చాపుతూనే ఉన్నాను, ఆ భుజం నాకు అందలేదు. పాట అయినాక జుట్టు ముడేసుకుని, మిగిలిన చింతపండు ముందేసుకుంది.

తిరుపతికి వచ్చాను. రికార్డరు చూస్తే మొత్తం పడి ఉంది. ఇట్లాంటి ఒప్పారి ఎక్కడా వినలేదని మేడం కళ్లు తుడుచుకుంది. ఇంకో రెండేళ్లు ఉద్యోగానికి ఢోకా లేదు. ఫారం తెరిచాను. పాడినవారు, కుప్పమ్మ. ఎవరి కోసం, కొడుకు మునిప్రసాద్. ఆఖరున తలుచుకున్నది, అమ్మను. అన్నీ నింపి కిందికి వచ్చేసరికి ఆ గడి ఒక్కటే ఖాళీగా ఉంది. నొక్కితే ముందుకు పోలేదు.

‘పక్కన కూర్చున్నవారు’ దగ్గర లోకేశ్వరి అని నా పేరు కొట్టాను. కాసేపు చూసి చెరిపేశాను. ఎవరూ లేరు అని కొట్టాను. ఫారం ముందుకు పోయింది.