దసరా బొట్టు పెట్టిన ఇంజను

"ఈ ఇంజను ఎవల పానం తీసి మనింటికి వచ్చిందో" అన్న నేను. అప్పటికింకా దాన్ని ట్రాలీ ఆటోల నుంచి కిందికి దింపనే లేదు. తాడు కట్టి, కట్టెలు ఆనించి నలుగురు కలిసి జరుపుతున్నరు. మా ఆయన మొగిలి నా దిక్కు కోపంగ చూసి, ఇంట్లకు ఒక వస్తువు వస్తుంటే నీ నోట్ల నుంచి ఒక్కనాడన్న మంచిమాట రాదా అన్నడు. రాదు. నా నోరు గట్లనే ఉంటది. ముందుగాల చెడ్డది అనుకుంటే, అది కాకపోయిన నాడు మనసు నిమ్మళం అయితది. మంచిదనుకొని మోసపోయిన నాడు నాకు తట్టుకునే శక్తి లేదు.

మాది కొండాపూర్ల పాత ఊరు. చుట్టుముట్టు అద్దాల బిల్డింగులు లేచినయి గని మా గల్లీ మాత్రం గల్లీ తీరుగనే ఉన్నది. ఇంటెనక బర్రెల కొట్టం ఉండె. బర్రెలను అమ్మి పదేండ్లయింది. ఆ కొట్టంలనే ఇప్పుడు మా కొడుకు సాయిచంద్ కారు ఉన్నది.

కారంటే మీరనుకునే కారు కాదు. యాభై ఏండ్ల కిందటిది, బయటిదేశంల చేసింది. స్పోర్ట్స్ కారు అంటరట. మీద టాపు లేదు. ఇద్దరే పడుతరు. అండ్ల కూసుంటే రోడ్డుకు జానెడెత్తుల ఉంటం. ఎవరో పెద్దమనిషి బంగ్లాల ముప్పై ఏండ్లు మూలకు పడి ఉంటే మావోడు కొనుక్కొచ్చిండు. దానికి పుట్టుకతోని వచ్చిన పెట్రోలు ఇంజను పగిలిపోయింది, ఆ సామాను ఇప్పుడు ఏడ దొరకదు. అందుకని మామూలు డీజిల్ కారు ఇంజను తెచ్చి అండ్ల పెడుతనన్నడు. మేక కడుపుల బర్రె గుండెకాయ పెట్టినట్టు ఉండదా బిడ్డా అంటే నవ్విండు. మా ఆయన ఇంకా నవ్విండు. ఆయనకు నేను ఏం మాట్లాడినా నవ్వే.

ఈ పనిల మావోనికి తోడు చైతన్య. మా పై పోర్షన్ల కిరాయికి ఉంటడు. అనంతపురం దిక్కు పిల్లగాడు. చదివింది ఇంజన్ల చదువు, చేసేది కంప్యూటర్ కొలువు. మంచోడే గని, మంచోళ్ల మీదనే నాకు అనుమానం ఎక్కువ. ఇంజను వచ్చిన దినమే ఏడ తెచ్చిన్రు అని అడిగిన. స్క్రాపు దుకాణంల అన్నడు మావోడు. అదే మాట చైతన్యను మెట్ల మీద నిలబెట్టి అడిగితే, తెలిసినాయన దగ్గర ఆంటీ అన్నడు. ఇద్దరు రెండు మాటలు చెప్పిన్రంటే మూడో మాట ఏదో ఉన్నట్టే.

నేను ఊకెనే భయపడే మనిషిని కాను. భయపడుతందుకు నాకొక కారణం ఉన్నది. నా తమ్ముడు ఒక సెకండ్ హ్యాండ్ ఆటో కొన్నడు. చవకల వచ్చిందన్నడు. చవకల ఎందుకు వచ్చిందని అడగాలనిపించింది. అడిగితే ఏడుపు మొకం అంటరని ఊకున్న. నాలుగు నెలలు తిరిగెసరికి మియాపూర్ కాడ లారీ కిందికి పోయిండు. దినాలప్పుడు ఎవరో చెప్పిన్రు, అంతకు ముందు ఆ ఆటో నడిపినాయన కూడ ఆటోలనే పోయిండని. అప్పుడు తెలిసి ఏం లాభం. అడగకపోవుడు నా తప్పు అని ఇప్పటికీ అనుకుంట.

ఎనిమిది నెలలు చేసిన్రు ఆ పని. మావోనిది రాత్రి డ్యూటీ. పొద్దున ఆరు గంటలకు వస్తడు, ఇంత తిని మూడు గంటలు కన్ను మూస్తడు, లేచి కొట్టంలకు పోతడు. పండుకో బిడ్డా అంటే, పండుకుంటనమ్మా అంటడు, పానా తీస్కొని కారు కిందికి దూరుతడు. ఆ ఇంజను ముందు ఉన్న కారుల అడ్డంగ ఉంటుండెనట, దీంట్ల నిలువుగ తిప్పి పెట్టాలె. పెడితే బానెట్ మూత పడలేదు. ఇంజను కింద నూనె ఉండే చాంబరు కోసి, పొట్టిగ చేసి మళ్ల వెల్డింగు పెట్టిచ్చిన్రు. డీజిల్ ఇంజను బరువెక్కువ, ముక్కు నేలకు వంగిందని ముందర స్ప్రింగులు మార్చిన్రు. పాత గేరుబాక్సుకు కొత్త ఇంజను అతకకుంటే నడుమ ఇంత మందంగ ఇనుప బిళ్ల కోసిచ్చి పెట్టిన్రు. వైర్లయితే లెక్కలేదు. చైతన్య ల్యాప్‌టాప్ తెచ్చి ఇంజనుకు తగిలిచ్చి గంటలు గంటలు చూస్తుండె. దవాఖానల పేషంటును చూసినట్టు.

మొదటిసారి స్టార్ట్ చేసిన నాడు గల్లీ అంతా వచ్చింది. సక్కదనాల కారు బోర్‌బండి లెక్క గుడగుడమన్నది. మా ఆయన, ఇగ మనోడు దీనెనక నాగలి కట్టి దున్నుడే తక్కువ అన్నడు. అందరు నవ్విన్రు. నాకు నవ్వు రాలేదు. చప్పుడు మంచిగనే ఉన్నది, మరి ఇంత మంచి ఇంజను స్క్రాపు దుకాణానికి ఎట్ల పోయిందని నేను ఆలోచన చేస్తున్న.

రెండు దినాలకు కొట్టం ఊడ్వ పోయిన. బానెట్ లేపి ఉన్నది. వంగి చూస్తే ఇంజను ఒక పక్క, బోల్టు సందుల, ఎర్రగ ఏదో పట్టుకొని ఉన్నది. తుప్పు కాదు. తుప్పు నాకు తెల్వదా. రక్తం అనుకున్న. చీపురు ఆడనే ఇడిసి మా ఆయనను పిలుచుకొచ్చిన. ఆయన గోరుతోని గీకి, వాసన చూసి, నా ముక్కు కాడ పెట్టిండు. పసుపు వాసన. ఎర్రటి దాని కింద పసుపుపచ్చగ ఉన్నది.

"కుంకుమనే పిచ్చిదానా. దసరాకు పెట్టిన బొట్టు. ఎన్నేండ్లు పెట్టిండో, పొర మీద పొర ఉన్నది" అన్నడు.

ఆయన ఫికర్ అంతటితోని అయిపోయింది. నాది అప్పుడు మొదలైంది. బండికి ముందట నిమ్మకాయ కట్టి బొట్టు పెట్టుడు అందరు చేస్తరు. మూత లేపి, లోపల ఇంజనుకు పెట్టేటోడు ఎవడు. దాన్ని పెండ్లాం పిల్లల తీరుగ చూసుకున్నోడు పెడుతడు. అట్లాంటోడు మంచిగ నడిచే ఇంజన్ను ఇష్టంతోని అమ్ముకోడు. ఆయనకు ఏదో అయింది. లేకుంటే ఆ బండి కింద ఎవరికో ఏదో అయింది.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఎందుకంటే వచ్చే ఆదివారమే కారు రోడ్డెక్కాలె. శనివారం రాత్రి డ్యూటీ దిగంగనే, తెల్లారంగ ఇద్దరు కలిసి అనంతగిరి గుట్టలకు పోతరట. ఆర్టీఓ ఆఫీసుల ఇంజను మార్చినట్టు రాపిచ్చిన్రు, కాయితాలన్ని చేతికి వచ్చినయి.

కాయితాలు అనంగనే నాకు ఆలోచన వచ్చింది. మావోడు పండుకున్నప్పుడు వాని ఫైలు తీసిన. నేను ఏడో తరగతి దాక చదివిన, ఇంగ్లీషు ఒక్కొక్క అక్షరం కూడుకొని చదువుత. రెండో కాయితం, ఈ ఇంజను ముందుగాల ఉన్న బండి ఆర్సీ జిరాక్సు. పేరు కాడ వీ, ఈ, ఈ, ఆర్ అని కూడుకుంట పోతే వీరేశం అని వచ్చింది. ఊరు హఫీజ్‌పేట్. ట్యాక్సీ అని కూడ ఉన్నది. మా ఇంటి నుంచి ఆటోల పోతే పావుగంట. ఇంత దగ్గరి మనిషి గురించి నాకు ఎనిమిది నెలలు ఎవరు చెప్పలేదు.

మావోడు లేవంగనే కాయితం ముందట పెట్టిన. పై నుంచి చైతన్యను కూడ పిలిచిన. ఇద్దరు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. చైతన్యనే బయటపడ్డడు.

"యాక్సిడెంట్ బండిది ఆంటీ. ఇన్సూరెన్సోళ్ల యార్డులో కొన్నాం. ఇంజనుకు ఏమీ కాలేదు, బండి పక్కన మాత్రం నలిగిండాది. చెప్తే మీరు భయపడతారని చెప్పలేదు."

"అండ్ల ఎవరన్న పోయిన్రా?"

"అది మాకూ తెలీదు ఆంటీ. మేం అడగలేదు."

అడగలేదట. నా తమ్ముని ఆటో కాడ నేను అడగనట్టే. నేను గట్టిగ ఏం మాట్లాడలేదు. ఒక్కటే మాట చెప్పిన. ఆ మనిషి కాడికి పోయి అడుగుత, ఎవరన్న పోయిన్రని తెలిస్తే ఆ కారు నా ఇంటి గేటు దాటదు, దాటాలంటే నా మీది నుంచి పోవాలె.

సాయిచంద్ చాన సేపు తల గోక్కున్నడు. ఎనిమిది నెలల పని కదా, వాని బాధ నాకు తెలుసు. చివరికి, సరే అమ్మా, ఎవరన్న పోయిన్రంటే నేనే ఇంజను దింపుత, లేదంటే మాత్రం నువ్వు మళ్ల నోరెత్తొద్దు అన్నడు. ఒప్పుకున్న.

శనివారం పొద్దున వాడు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడ ఇడవకముందే బయిలుదేరిన. ఒక్కదాన్నే పోదామనుకున్న, గని నా మాట మీద వానికి నమ్మకం లేదు. నువ్వు అక్కడ ఏం విన్నా చావు కబురు చేసుకొని వస్తవు, నా ముందటనే అడుగు అన్నడు. తన మోటరుసైకిల్ ఎక్కిచ్చుకున్నడు. రైల్వే స్టేషన్ ఎనక కాలనీల ఇద్దరు ముగ్గురిని అడిగితే ఇల్లు చూపెట్టిన్రు. చిన్న ఇల్లు. ముందట అరుగు మీద బిస్కెట్లు, సబ్బులు పెట్టిన కిరాణా డబ్బా. అండ్ల ఒక మనిషి కూసొని ఉన్నడు. నలభై ఐదేండ్లుంటయేమో. మమ్ములను చూసి లేవబోయి, గోడను పట్టుకొని మళ్ల కూసున్నడు. కుడికాలు మోకాలి కాడ వంగుత లేదు. పక్కన చేతికట్టె ఉన్నది.

ఆ కాలును చూడంగనే, సగం జవాబు దొరికిందనుకున్న.

ఆయన పెండ్లాం సాయమ్మ లోపల నుంచి చాటల బియ్యం పట్టుకొని వచ్చింది. కూసోమన్నది, మంచినీళ్లిచ్చింది. నేనే మెల్లగ చెప్పుకొచ్చిన. మాది కొండాపూర్ అని, మీ బండి ఇంజను మా పిల్లలు వేరే కారుల పెట్టుకున్నరని. అప్పటిదాక బియ్యం ఏరుతున్న ఆమె చేతులు ఆగినయి. ఇంజను నడుస్తున్నదా అని అడిగింది. నడుస్తున్నదన్న. ఆ ఇంజనుకు ప్రతి దసరాకు ఈయన బొట్టు పెడుతుండె, నాకు తెచ్చిన కుంకుమ సగం దానికే పోతుండె అన్నది. ఆఫీసు పిల్లలను దించే కిరాయి నడిపిండట ఏడేండ్లు. పొద్దుగాల ఒక కంపెనీ, రాత్రి ఇంకో కంపెనీ.

వీరేశం డబ్బాల సబ్బులు సర్దుతున్నడు. మావోడు అరుగు అంచు మీద కూసొని, ఆవలింత ఆపుకుంట గోడకు ఆనుకున్నడు. కండ్లు ఎర్రగ చింతనిప్పుల లెక్క ఉన్నయి. నాకు ఎట్ల అడగాల్నో తెలుస్తలేదు. ఒకల ఇంటికి పోయి, మీ బండి ఎవరినన్న మింగిందా అని ఎట్ల అడుగుతరు. గని అడగకుండ ఇంటికి పోతే రేపు తెల్లారంగ నా కొడుకు అదే ఇంజను ఎనక కూసుంటడు.

"తమ్మీ, తప్పుగ అనుకోకు. తల్లిని. ఆ బండిల ఎవరన్న పోయిన్రా?" అన్న.

సాయమ్మ మొకం మాడిపోయింది. చాట పక్కకు పెట్టింది. ఆ దినం సంగతి ఈయన ఎవ్వలతోని మాట్లాడడక్కా, నాతోని కూడ మాట్లాడలేదు అన్నది. పోలీసులు అడిగినా, కంపెనీ వాళ్లు వచ్చి అడిగినా, యాదికి లేదనే చెప్పిండట.

నేను లేస్తలేను. మా సాయిచంద్ అమ్మా పోదాం పా అని చెయ్యి పట్టిండు. నేను లేవలేదు. స్టేషన్ల రైలు వచ్చి ఆగింది, మనుషులు దిగిన్రు, రైలు పోయింది. ఎవరో పాలప్యాకెట్ కొంటందుకు వచ్చిన్రు. వీరేశం ఇచ్చిండు, పైసలు డబ్బాల వేసిండు. మళ్ల కూసొని మోకాలు రాసుకుంటున్నడు. నా దిక్కు చూస్తలేడు. ఎంత సేపు అట్ల కూసున్నమో, ఎండ అరుగు మీదికి వచ్చి నా కాళ్లకు తాకుతున్నది. ఇగ చెప్పడు, పోయినోళ్లు ఉన్నరు కాబట్టే చెప్తలేడు అని నా మనసుల గట్టిగ అనుకున్న. ఇంజను దింపిచ్చుడే అనుకున్న.

అప్పుడు ఆయన తల లేపిండు. నన్ను కాదు, గోడకు ఆనుకొని కండ్లు మూతలు పడుతున్న మా సాయిచంద్‌ను చూసిండు. జర సేపు వాన్నే చూసిండు.

"ఎవ్వలు పోలేదక్కా" అన్నడు. "ఎనక ఇద్దరు ఆఫీసు పిల్లలు ఉండిరి. దెబ్బలు తాకినయి, బతికిన్రు. ఇంజను మంచిగనే నడుస్తుండె. నిద్రపోయింది నేను."